వేటతుపాకి దుర్భిణి, బూజు

విజయనగరమనగానే కోట, సంగీతం స్ఫురిస్తాయి. వేట స్ఫురించేది కొద్దిమందికే. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన పూసపాటివారి ‘విజ్జీ’ (1905-1965) తాను 300కు పైగా పులులను కొట్టానని చెప్పుకొనేవారట. ఆయన బ్యాటింగు ఎరిగినవారు ఈ లెక్కను ఎంత నమ్ముతారో మరి!

వేటకథలలో గురి గొప్పే గాని, తుపాకిమీది దుర్భిణిని కాపాడిన శ్రమ కనబడదు. నాగావళి, వంశధారల తీరాన వానాకాలపు తేమ ఉక్కుకు తుప్పును, గాజుకు బూజును తెస్తుంది. పాత దుర్భిణి గొట్టంలో ఉండేది మామూలు గాలే. చలి తగిలితే కటకం లోపల ఆవిరి పట్టేది. నత్రజని నింపి బిగించినవి రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చాయి. తోలుసంచి చూపునకు దర్జాయే కాని తేమను పీల్చి బూజును పెంచుతుంది. పంచెచెంగుతో తుడవడం మరీ ప్రమాదం, ఒక్క ఇసుకరేణువు చాలు గీత పడడానికి. ముందు రబ్బరుబుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దులిపి, ఆ పిమ్మటనే గుడ్డ తాకించాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పులివేట నేరమైంది. పెట్టెలలో మూతపడి ఉన్న దుర్భిణిలో బూజు సాలెగూడులా అల్లుకొంటుంది; కటకంమీది పూతను తినివేశాక ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు.