పన్నెండు కొయ్య సిపాయిలు

యార్క్‌షైర్‌లో కాపురం ఉంటున్న మన తెలుగు కుటుంబాలవారు ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా తప్పకుండా చూపించే ఊళ్లలో హావర్త్ ఒకటి. బ్రాడ్‌ఫర్డ్‌కు పడమరగా, కొన్ని మైళ్ల దూరంలో, కొండమీద ఉంటుంది. అక్కడి చర్చి పక్కనున్న పాస్టరుగారి ఇల్లు 1928 నుంచి మ్యూజియంగా ఉంది. బ్రాంటీ అక్కచెల్లెళ్లు పెరిగిన ఇల్లు అది. మేమూ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాం. నవలలు రాసిన బల్లను పెద్దవాళ్లం ముచ్చటపడి చూస్తుంటే, పిల్లలు మాత్రం ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయారు. అందులో అగ్గిపెట్టెంతేసి పుస్తకాలున్నాయి. “ఇంత చిన్నవి ఎవరు చదువుకోడానికి?” అని అడిగింది మాలో ఒకరి అమ్మాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కాస్త చరిత్ర చెప్పాలి.

ఆ ఇంటి యజమాని ప్యాట్రిక్ బ్రాంటీ కూడా మనలాగే చదువుకోసం బయలుదేరి వచ్చినవాడే. 1777లో ఐర్లండులో ఒక పేద ఇంట పుట్టి, పట్టుదలతో 1802లో కేంబ్రిడ్జిలో చేరాడు. ఇక్కడికి వచ్చాక ఇంటిపేరు స్పెల్లింగు కూడా మార్చుకున్నాడు. మనలో కొందరికి ఆ అనుభవం కొత్త కాదు. 1820లో హావర్త్‌కు వచ్చాడు. మరుసటి ఏడే భార్య పోయింది. 1825లో, బోర్డింగు స్కూల్లో జబ్బుపడిన ఇద్దరు పెద్ద కూతుళ్లు ఇంటికి వచ్చి, ఆరు వారాల తేడాలో కన్నుమూశారు. మిగిలినవారు నలుగురు: షార్లట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్. అప్పటికి షార్లట్‌కు తొమ్మిదేళ్లు, ఆఖరుదానికి అయిదు.

1826 జూన్‌లో లీడ్స్ వెళ్లిన తండ్రి కొడుకుకని పన్నెండు కొయ్య సిపాయిలు కొనితెచ్చాడు. మర్నాడు పొద్దున్నే బ్రాన్‌వెల్ ఆ పెట్టెతో అక్కచెల్లెళ్ల దగ్గరికి పరుగెత్తాడు. షార్లట్ అన్నిటిలోకీ అందమైన సిపాయిని అందుకుని వెల్లింగ్టన్ అని పేరు పెట్టింది. బ్రాన్‌వెల్ తనవాణ్ణి బోనపార్టీ అన్నాడు. సిపాయిలు ఓడెక్కి ఆఫ్రికా పడమటి తీరం చేరి, గ్లాస్ టౌన్ అనే మహానగరం కట్టారు. దానికి రాజులు, మంత్రులు, కవులు, పత్రికలు, తగాదాలు అన్నీ ఏర్పడ్డాయి. మరి సిపాయిలు చదవాలంటే వాళ్ల సైజుకు తగ్గ పుస్తకాలు కావాలి కదా! పిల్లలు కాగితం ముక్కలు కత్తిరించి, సూదీదారంతో కుట్టి, అచ్చులా కనబడే సన్నని రాతతో పత్రికలు నింపారు. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు అదీ. షార్లట్ 1829లో అలా రాసిన ఒక పద్యాల పుస్తకాన్ని 2022లో పన్నెండున్నర లక్షల డాలర్లకు కొని, ఈ మ్యూజియంకు ఇచ్చారు.

ఈ ఆట గాలిలోంచి పుట్టలేదు. తండ్రి వార్తాపత్రికలు తెప్పించేవాడు. రాజకీయాలు పిల్లల ముందే, పిల్లలతోనే మాట్లాడేవాడు. వెల్లింగ్టన్ అంటే ఆయనకు వీరాభిమానం. ఈ వెల్లింగ్టన్ మనకు తెలియనివాడేమీ కాదు. 1799లో నిజాం పంపిన సేనతో కలిసి శ్రీరంగపట్నం మీదికి నడిచిన ఆర్థర్ వెల్లస్లీయే ఆయన. పెద్దల మాటల్లోని వీరుడు పిల్లల చేతిలో బొమ్మ అయ్యాడు. వీరుడితోపాటు ఆనాటి సామ్రాజ్య దాహమూ వచ్చింది. ఆ కొయ్య సిపాయిలు అశాంతీ ప్రజల నేలను ఆక్రమించడంలో ఆ పిల్లలకు తప్పేమీ కనిపించలేదు. ఇంట్లో ఏం వినబడితే ఆటలో అదే మొలిచింది.

ఆ ఆట చిన్నతనంతో ముగియలేదు. ఎమిలీ, ఆన్ విడిపోయి గొండాల్ అనే మరో దేశం కట్టుకున్నారు. 1845లో యార్క్ వెళ్తూ దారిపొడుగునా ఇద్దరూ గొండాల్ మనుషులుగానే నటించారని ఎమిలీ రాసుకుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు! షార్లట్ ఆటలోని కథలను కెప్టెన్ ట్రీ, లార్డ్ చార్ల్స్ వెల్లస్లీ వంటి మగపేర్లతో రాసేది. 1846లో ముగ్గురూ కవితలు అచ్చువేసినప్పుడు మగవాళ్లనిపించే పేర్లు పెట్టుకోవడం వాళ్లకు చేతగాని పని కాకపోయింది. ఆ పుస్తకం మొదట అమ్ముడైంది రెండే ప్రతులు. అయినా మానలేదు. 1847లో “జేన్ ఐర్”, “వదరింగ్ హైట్స్”, “ఆగ్నెస్ గ్రే” వెలువడ్డాయి.

అయితే సిపాయిల సొంతదారు, ఆటకు నాయకుడు బ్రాన్‌వెల్ సంగతేమిటి? తాగుడుకూ నల్లమందుకూ లోబడి, 1848లో ముప్పై ఒకటో ఏట పోయాడు. పెట్టె ఒకటే, గది ఒకటే, నలుగురి దారులు మాత్రం వేరు. అందుచేత బొమ్మ కొనిపెడితే పిల్ల గొప్పదవుతుందని మేము చెప్పబోవడం లేదు. ఆట విజయానికి హామీ పత్రం కాదు. మనిషి లోపల ఏ సరుకుండాలో అది నిర్ణయిస్తుంది, అంతే.

ఇక మన సంగతి. గుజ్జనగూళ్లు వండి, బొమ్మల పెళ్లిళ్లు చేసి, సంక్రాంతికి కొండపల్లి బొమ్మలతో కొలువు పెట్టి పెరిగినవాళ్లం మనం. వియ్యంకుల అలకలూ, పెళ్లి పెద్దల మాటతీరూ మనకు వచ్చింది పుస్తకాల్లోంచి కాదు, ఆ ఆటల్లోంచే. ఇక్కడ మన పిల్లలు శనివారం తెలుగు క్లాసులో గుణింతాలు దిద్దుతారు. క్లాసు కాగానే బొమ్మలతో ఇంగ్లీషులో మాట్లాడతారు. తెలుగు పాఠమైంది, ఇంగ్లీషు ఆటయింది. పాఠం మరిచిపోవచ్చు గాని ఆట మరిచిపోరు.

దీనికి పిల్లలను అనడానికి లేదు. భోజనాల దగ్గర మనం మాట్లాడేది ఇళ్ల ధరలూ మార్కులూనే. మాలో ఒకరింట్లో చిన్నపిల్ల తన ఎలుగుబంటి బొమ్మకు పరీక్ష పెట్టి, మార్కులు తక్కువ వచ్చాయని కోప్పడుతోంది. అది కూడా అచ్చం వాళ్ల నాన్న గొంతుతో! విని నవ్వాలో ఏడవాలో ఆ తండ్రికి తెలియలేదు.

వచ్చే సంక్రాంతికి మన సంఘం తరఫున బొమ్మల కొలువు పెడదాం. దానికి ముందు కొన్ని వారాలు, ఇంటింటా, మన ఊళ్ల కబుర్లూ తాతల కథలూ తెలుగులో చెబుదాం. కొలువు మాత్రం పిల్లలే పేర్చుకోవాలి. బహుమతులు వద్దు, మార్కులు వద్దు. హావర్త్‌లో ఆ తండ్రి బొమ్మలు తెచ్చిచ్చాడు, తగువు తీర్చమంటే తీర్చాడు, ఆటను పిల్లలకే వదిలేశాడు. మనమూ టీ కప్పులతో పక్కగదిలో కూర్చుందాం. రాముడి పక్కన రోబో నిలబడినా సరే, వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారో విందాం.