శనివారం గానుగ ఆపినవారు



యూదులు అనగానే మనకు యెరూషలేమో, హిట్లరు కాలపు జర్మనీయో గుర్తుకొస్తుంది. కాని ఇంట్లో మరాఠీ మాట్లాడే యూదులున్నారు, తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. ఈ రెండు భాషల నడుమ బతుకుతున్న మన చంద్రపూర్ వారు వారి కథ తెలుసుకోవడం బాగుంటుంది. అందుకు మూడు ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాను.

మరాఠీ యూదులను బెనె ఇజ్రాయెల్ అంటారు. కొంకణ తీరంలో నవగావ్ దగ్గర ఓడ పగిలిపోగా, ఏడుగురు మగవారు, ఏడుగురు ఆడవారు ఒడ్డు చేరారనీ, తాము వారి సంతతి అనీ వీరి నమ్మకం. పల్లెల్లో గానుగలాడించి బతికారు. యూదులకు శనివారం విశ్రాంతి దినం కనుక ఆ రోజు గానుగ ఆపేవారు. అందుకే వీరికి 'శనివార్ తేలీ' అని పేరు వచ్చింది. వీరిలోనే ఒకరైన హాయీమ్ శామ్యూల్ కెహిమ్‌కర్ తమవారి చరిత్రను 1897లో రాసి ముగించారు. అది టెల్ అవీవ్‌లో అచ్చయ్యేసరికి 1937 వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

రెండోది ఎస్తేర్ డేవిడ్ నవల 'బుక్ ఆఫ్ రేచెల్', 2006లో వచ్చింది. 2010లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. బంధువులంతా ఇజ్రాయెల్ వెళ్లిపోతే, కొంకణ పల్లెలో ఒంటరిగా మిగిలిన ముసలావిడ పాత ప్రార్థనా మందిరాన్ని కాపాడుకునే కథ ఇది. వారి వంటలూ ఇందులో ఉన్నాయి.

మూడోది మన తెలుగువారిది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనేవారున్నారు. మాదిగ కుటుంబాలలో పుట్టి, బాప్టిస్టు క్రైస్తవులుగా ఉన్న వీరు, తాము ఇజ్రాయేలు గోత్రాలలోని ఎఫ్రాయిము సంతతివారమని 1980ల చివర బహిరంగంగా చెప్పారు. 1991లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరి గురించి రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' 2013లో వచ్చింది. అది నిజమా, అబద్ధమా అని తీర్పు చెప్పే పుస్తకం కాదిది. కులం కింద నలిగినవారు తమ పూర్వీకులను తామే చెప్పుకోవడంలో ఉన్న ఆత్మగౌరవాన్ని అర్థం చేసుకోమంటుంది.

'మీరు యూదులేనని రుజువేమిటి?' అన్న ప్రశ్న ఇద్దరికీ ఎదురైంది. బెనె ఇజ్రాయెల్ వారు ఇజ్రాయెల్‌లో పోరాడి 1964లో పూర్తి గుర్తింపు సాధించారు. 2013 నాటికి మన కొత్తరెడ్డిపాలెం వారికి అది రాలేదు.

శ్రోతలారా, ఈ ప్రశ్న మనకూ దూరం కాదు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. గీత మారింది, మనుషులు అక్కడే ఉన్నారు. ఆ రోజులు చూసినవారు ఇంకా కొందరే మిగిలారు. ఏ ఊరి నుంచి వచ్చాం, ఏ బడిలో ఏ భాష చదివాం, పెళ్లిలో ఏ పాట పాడాం అన్నవి మీ ఇంటి పెద్దలను అడిగి ఒక నోటుబుక్కులో రాయండి. మరాఠీలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. కెహిమ్‌కర్ పుస్తకం అచ్చుకు నలభై ఏళ్లు ఆగగలిగింది. రాయని మాటకు అంత ఆయుష్షు ఉండదు.

సెలవు.