చరిత్ర తాళంచెవి ఎవరి దగ్గర?

మాది కడప. ఒకప్పుడు సి.పి. బ్రౌన్ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఇంజనీరింగ్ రోజుల్లో అక్కడికి పరీక్షలకు చదువుకోవడానికి పోయేవాణ్ణి, బ్రౌన్ కోసం కాదు. ఆయన చేసిన పనేమిటో నాకు అర్థమైంది ఉద్యోగంలో చేరి గిట్ వాడటం మొదలుపెట్టాకే.

బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడ పండితులకు సొంతంగా జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించడం, ఎక్కడ ఏ పాఠం మారిందో రాయించడం, సరైనదాన్ని ఎంచి శుద్ధప్రతి తయారు చేయించడం. మా భాషలో చెప్పాలంటే డిఫ్, మెర్జ్.

లినక్స్ కెర్నల్‌దీ ఇదే అవస్థ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంకు ఎక్కడెక్కడి నుంచో మార్పులు ఈమెయిల్‌లో వచ్చేవి. పదేళ్లు వాటిని ఆయనే కూర్చుని కలిపాడు. కొన్ని ప్యాచ్‌లు మెయిళ్ల గుట్టలో పడిపోయేవి, పంపినవాళ్లు మళ్లీ మళ్లీ పంపేవాళ్లు. అప్పటికి అందరూ వాడే సీవీఎస్ అంటే ఆయనకు గిట్టదు. 2002 ఫిబ్రవరిలో బిట్‌కీపర్‌కు మారాడు.

అది లారీ మెక్‌వాయ్ కంపెనీ బిట్‌మూవర్ సరుకు. ఓపెన్ సోర్స్ వాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు, సోర్స్ మాత్రం ఇవ్వలేదు. పైగా ఒక షరతు: దీన్ని ఉచితంగా వాడేవాళ్లు ఇలాంటి ఇంకో పనిముట్టు తయారీలో చేయి పెట్టకూడదు. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాట దగ్గర ఎన్ని తగాదాలో! మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. రిచర్డ్ స్టాల్‌మన్ లాంటివాళ్లు ఆ తేడానే ఎత్తిచూపి అభ్యంతరం చెప్పారు. కానీ పని మాత్రం నిజంగానే వేగంగా సాగింది. లైనస్‌కు కావలసింది అదే.

మూడేళ్లు గడిచాయి. సాంబా రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ బిట్‌కీపర్ సర్వర్‌కు టెల్నెట్‌తో కలిసి ‘హెల్ప్’ అని టైపు చేశాడు. అది తన ఆదేశాల జాబితా చెప్పేసింది. అక్కడి నుంచి చరిత్రను బయటికి చదివే చిన్న ప్రోగ్రాం రాశాడు. 2005 ఏప్రిల్‌లో కంపెనీ ఉచిత వెర్షన్‌ను ఆపేస్తున్నామంది. లైనస్ కోప్పడింది కంపెనీ మీద కాదు, ట్రిడ్జెల్ మీద! ఏప్రిల్ 3న గిట్ మొదలుపెట్టాడు. 7కల్లా గిట్ కోడ్ గిట్‌లోనే ఉంది. అదే నెలలో మాట్ మాకల్ మెర్క్యూరియల్ మొదలుపెట్టాడు. బిట్‌కీపర్ 2016లో ఓపెన్ సోర్స్ అయింది. అప్పటికి దాని అవసరం ఎవరికీ పెద్దగా లేదు.

దీన్ని హీరో కథగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఎవరి దగ్గర వాళ్లు పూర్తి చరిత్రతో పనిచేసుకోవచ్చన్న పద్ధతి లైనస్‌కు అలవాటైంది బిట్‌కీపర్ దగ్గరే. ఆ బాకీ ఒప్పుకోవాలి. నన్ను బాధపెట్టేది ఇంకోటి. కోడ్ అందరిదీ, అది ఎలా మారిందన్న జ్ఞాపకానికి తాళంచెవి మాత్రం ఒకరిది.

ఆ బాధ నాకు తెలుసు. నా మొదటి ఉద్యోగంలో పాత టూల్‌కు లైసెన్స్ కట్టడం మానేసి, చివరి కోడ్ ఒక్కటే కొత్తదాంట్లోకి తెచ్చుకున్నారు. అందులో ఒక లైన్ పక్కన ‘ఇది తీయొద్దు’ అని ఉండేది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో చెప్పే చరిత్ర లేదు. తీసేశాను. రెండు రోజులు బిల్లింగ్ ఆగింది.

ఇప్పుడు మనమంతా ఉన్నది గిట్‌హబ్‌లో. దాని సోర్సూ మనకు కనబడదు. 2018లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 2019లో అమెరికా ఆంక్షల పేరుతో ఇరాన్ వాళ్ల ఖాతాలకు అడ్డుకట్టలు పడ్డాయి. క్లోన్ చేసుకుంటే కమిట్ల చరిత్ర మన దగ్గరే ఉంటుంది, నిజమే. మరి ఆ కమిట్ల వెనక జరిగిన చర్చలు?

బ్రౌన్ కూడా సొంత డబ్బుతో, సొంత ఇంట్లోనే చేయించాడు. కానీ తన ప్రతులు చూసినవాళ్లు ఇంకో వేమనను అచ్చు వేయకూడదని షరతు పెట్టలేదు. ఆ ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరి, తర్వాతివాళ్లకు పనికొచ్చాయి. అయితే గిట్‌లో రాసినవాడి పేరు, చేర్చినవాడి పేరు విడివిడిగా నమోదవుతాయి. కడప బంగళాలో ప్రతులు దిద్దిన పండితుల్లో ఎందరి పేర్లు మనకు తెలుసు?