పడమటి వాకిలి నుంచి మల్లన్న కొండకు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గ మిత్రులు కోరారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. సర్వే శాఖలో గొలుసు లాగి, నక్షాలు గీసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. ఏ ఊరి నక్షా చేతికి వచ్చినా, ఆ ఊళ్లోకి దారి ఎటునుంచి వస్తున్నది, ఎటు పోతున్నది అని ముందుగా చూస్తాము. ఆ చూపుతోనే మన ఆలంపూర్ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆలంపూర్ అనగానే జోగులాంబ అమ్మవారు, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు గుర్తుకు వస్తాయి. "శ్రీశైల క్షేత్రానికి పశ్చిమ ద్వారం" అన్న మాట కూడా అందరమూ విన్నదే. ద్వారం అంటే దాని వెనుక ఒక దారి ఉండాలి కదా! ఈనాడు ఆలంపూర్ వచ్చిన యాత్రికుణ్ణి ఆ దారి ఏదని అడిగితే కర్నూలు బస్సు చూపిస్తాడు. అసలు దారి కాలిబాట. దాని కథ తెలిస్తే తప్ప ఆ బిరుదుకు అర్థం బోధపడదు.

శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట ఆలంపూర్, ఉత్తరాన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. మూలలకు ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం ఉపద్వారాలు. నక్షా మీద ఈ ఊళ్లను గుర్తించి చూస్తే నల్లమల అడవి చుట్టూ ఒక వలయం ఏర్పడుతుంది. ఏ దిక్కు నుంచి వచ్చిన భక్తుడైనా ఏదో ఒక వాకిట్లో ఆగి, దైవదర్శనం చేసుకుని, తోడు చూసుకుని, అప్పుడు అడవిదారి పట్టడానికి అనువైన ఏర్పాటిది.

మన పడమటి దారి సంగతి చూద్దాం. ఆలంపూర్ నుంచి తూర్పుగా తుంగభద్ర దాటితే నందికొట్కూరు, ఆ తర్వాత ఆత్మకూరు. అక్కడికి మైదానం ముగిసి నల్లమల మొదలవుతుంది. వెంకటాపురం దాటి కొండ ఎక్కితే నాగలూటి వీరభద్రుడి గుడి. అక్కడి నుంచి పెచ్చెరువు, తర్వాత భీముని కొలను, కైలాసద్వారం, హాటకేశ్వరం, ఆపైన మల్లన్న సన్నిధి. ఈ పేర్లలో చెరువు, కొలను అన్న మాటలు గమనించండి. అడవిలో మనిషి నడక నీటిని బట్టే సాగుతుంది. మజిలీకి మజిలీకి మధ్య దూరాన్ని నిర్ణయించింది మైలురాయి కాదు, దాహం.

నడక కాలాన్ని కూడా పెద్దలు తెలిసే నిర్ణయించారనిపిస్తుంది. శివరాత్రి, ఉగాది పండుగల నాటికి పంటలు ఇంటికి చేరి రైతుకు తీరిక దొరుకుతుంది. నదులలో ప్రవాహం తగ్గుతుంది. మిగిలినచోట దాటించడానికి పుట్టిలు ఉండనే ఉన్నాయి. అడవిలో ఆకు రాలి దారి కనబడుతుంది. కొలనులలో ఇంకా నీరుంటుంది. ఇంకో రెండు నెలలు ఆగితే ఆ నీరూ కరువే.

ఈ బాట తనంతట తాను ఏర్పడింది కాదు. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినట్లు శాసనాలు చెబుతున్నాయి. కొండ దిగి కృష్ణలో స్నానం చేసేవారికి పాతాళగంగ మెట్లు కట్టించింది విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. అక్కడ రెండు వైపులా రాతి మెట్లున్నాయి. చదునుగా ఉన్నచోట బాటను నేలకే వదిలి, కాలు జారేచోట మాత్రం రాయి పరచిన ఆ పనితనాన్ని ఏ ఇంజనీరైనా మెచ్చుకోవలసిందే.

ఇక నడిచినవారి సంగతి. కాలినడక యాత్రికుల భక్తిని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో వర్ణించాడు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కళ్యాణం నుంచి ఈ కొండకు వచ్చింది. 1677లో ఛత్రపతి శివాజీ నివృత్తి సంగమం దగ్గర నది దాటి, సైన్యాన్ని వెనుక ఉంచి, కొద్దిమందితో శ్రీశైలం వెళ్లాడని చరిత్రకారులు వ్రాశారు. ఆ సంగమమే నేటి సంగమేశ్వరం. 1794లో కాలిన్ మెకంజీ దొర వచ్చి చూసి, తన వివరాలను కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో ప్రకటించాడు. ఆయనే 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మా వృత్తికి పెద్ద కాబట్టి ఆయన పేరు కాస్త గర్వంగానే చెబుతున్నాను.

మన ఉద్యోగులకు మరింత దగ్గరివాడు ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగి. 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లి, ఆ తర్వాత కృష్ణ దాటి వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాదు చేరారు. దారిలోని మజిలీలు, నీటి వసతి, కర్నూలు నవాబు మనుషులు యాత్రికుల వద్ద వసూలు చేసే సుంకం అన్నీ వ్రాసి పెట్టారు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర మనకు దక్కిందంటే అది ఒక ఉద్యోగి దినచర్య వ్రాసే అలవాటు పుణ్యమే.

దారి చూపిన చెంచులను మరువరాదు. మల్లన్న తమ ఆడపడుచును పెళ్లాడిన అల్లుడని వారి నమ్మకం. చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. ఏ పుస్తకంలోనూ పేరు లేని ఆ మనుషులే ఈ బాటకు నిజమైన నక్షా.

ఇంతటి బాట ఎలా మరుగున పడింది? దోర్నాల మీదుగా, ఆ తర్వాత మన్ననూరు మీదుగా ఘాట్ రోడ్లు వచ్చాయి. రెండు రోజుల నడక కొన్ని గంటల బస్సు ప్రయాణమైంది. ముసలివారికీ, చిన్నపిల్లల తల్లులకూ అది వరమే, కాదనను. 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు జలాశయం నిండాక పాత రేవులు, నదీతీరపు ఊళ్లు నీటి పాలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి ఆలంపూర్ లో తిరిగి నిలబెట్టారు. రాళ్లను తరలించగలిగారు గాని, ఆ గుడికి వచ్చే దారిని తరలించడం ఎవరి తరం? ఏలేశ్వరం నాగార్జునసాగర్ లో కలిసింది. నివృత్తి సంగమంలోని సంగమేశ్వరుడు నీటిమట్టం తగ్గినప్పుడు మాత్రమే దర్శనమిస్తాడు. 1983 నుంచి నల్లమల పులుల అభయారణ్యం కావడంతో అడవిలో ఇష్టం వచ్చినట్లు తిరగడానికి వీలు లేదు. అదీ సబబే.

అయినా బాట పూర్తిగా చచ్చిపోలేదు. శివరాత్రికి, ఉగాదికి కర్ణాటక భక్తులు నేటికీ వేలాదిగా ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిచి వెళుతున్నారు. స్పెయిన్ దేశంలో సాంటియాగో క్షేత్రానికి కొండలు దాటి పోయే కాలిబాటను 1993లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. గుర్తింపు ఒక్క గుడికే కాదు, నడిచే దారికి కూడా! మనవాళ్లు ఆలయాలను కాపాడుకున్నారు, 2005లో జోగులాంబ ఆలయాన్ని తిరిగి నిర్మించుకున్నారు. దారి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. నక్షాలో కాలిబాటను చుక్కల గీతతో చూపుతాము. కొత్త నక్షా గీసినప్పుడు ముందుగా మాయమయ్యేది ఆ చుక్కలే. మనలో ఎందరో ముంపు ప్రాంతంలో పుట్టినవారు, అక్కడ పనిచేసినవారు ఉన్నారు. మీ ఇంట్లో పెద్దలు ఏ రేవులో నది దాటారు, ఏ చెట్టు కింద వండుకున్నారు, ఏ బావి నీళ్లు తాగారు అన్న సంగతులు ఒక కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, మనుమల చేతికి ఇవ్వండి. వీరాస్వామయ్య గారు చేసింది అంతే. ఆ చుక్కలు ఇంకా మన తలల్లో ఉన్నాయి. మన తర్వాత వాటిని సర్వే చేయడానికి ఏ గొలుసూ పనికిరాదు.