చింతగింజల లెక్క

జర ఇటు జరుగుండ్రి బిడ్డా. మంట మీదికి ఒంగకుండ్రి, కందికట్టె చిటపటమంటది, నిప్పురవ్వ ఎగిరి చీరె మీద పడ్తది. సంకురాత్రి పోయింది గని చలి పోలె ఈ ఏడు. అరేయ్ మనుమడా, ఆ మోపుల నుంచి నాలుగు కట్టెలు తియ్యి. ఆ ఫోను పక్కకు పెట్టు. పొద్దుగూకిన సంది ఏడుసార్లు మోగింది, ఏడుసార్లు కోసేసినవు. ఎవ్వలని నీ పెండ్లాం అడిగితే ఆఫీసోళ్లు అన్నవు. ఆఫీసోళ్లు అయితే మొకం గట్ల వాడిపోతదా?

అడుగ. నీ ముచ్చట నేనడుగ. నా ముచ్చట చెప్త, ఇద్దరు ఇనుండ్రి.

మా నాయిన లెక్క దొర దగ్గర ఉండె. నేను పుట్టకముందు సంగతి, నైజాం కాలం. ఇంట్ల గింజలు ఒడిస్తే గడీల నుంచి నాగుకు వడ్లు తెచ్చుకునేటోళ్లు. నాగంటే మీకు తెల్వది. మా దిక్కు కుంచెడు తెస్తే పంట మీద కుంచెడున్నర కొలవాలె. పంట రాకుంటే ఆ కొలవని దాని మీద మల్ల నాగు. అది పెరిగి పెరిగి ఆఖరికి మనిషే దొర ఇంట్ల జీతానికి నిలబడాలె. గట్ల నిలబడ్డోన్ని భగేలా అనేటోళ్లు. నైజాం సర్కారు 1936ల దాని మీద ఒక చట్టం జేసింది. కాయిదం మీది ముచ్చట మా నాయిన దాంక రాలె. ఆయన ముసలితనంల నేనొకసారి అడిగిన, "నాయినా, నువ్వు అసలు ఎంత బాకీ ఉంటివే?" అని. ఆయన ఏమన్నడో ఎరుకేనా? "దొరకు ఎరుక" అన్నడు. గంతే. బతుకంత కట్టిండు, ఎంత కట్టిండో ఆయనకు తెల్వది.

నేను నవ్విన అప్పుడు. మూడు తరగతులు సదివిన గదా, నాకు లెక్కలొస్తయని నా ధీమ.

మాది నాలుగెకరాల చెల్క. జొన్న, కంది, పెసరు ఏసుకునేటోళ్లం. పత్తి పైసలు తెస్తదని నలుగురితోని నేను దిగిన. 1990ల సర్కారు పది వేల దాంక బాకీలు మాఫీ జేసింది, నాది కూడ పోయింది. మంచిదే అయింది. మాఫీ అయినోళ్లను నేను తప్పు పట్ట. కాని నాకు ఒక పాడు అలవాటైంది. అప్పు తెచ్చేటప్పుడు తీర్చే దారి సూసుడు బందు బెట్టిన. ఎవ్వలన్న తీరుస్తరు అన్నట్టు ఉండె నా నడక.

ఇగ 1997 వచ్చింది. ఆ ఏడు పత్తి మీద లద్దె పురుగు పడ్డది. పగలు మట్టిల దాసుకుంటది, రాత్రి బయటికొచ్చి ఆకు తింటది. పొద్దుగాల పోయి సూస్తే ఆకుల ఈనెలే మిగిలేటియి. మందుల దుకాణంల ఉద్దెర. ఆయన ఏది కొట్టుమంటే అది కొట్టిన. రెండు మందులు కలిపి కొట్టుమంటే కలిపి కొట్టిన. పురుగు సావలె. బుక్కుల అంకెలు మాత్రం పెరిగినయి. వచ్చిన కాడికి పత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకపోయి అమ్మితే, ఆ పైసలు మిత్తి కిందికే సరిపోయినయని దుకాణపాయన చెప్పిండు. నేను తల ఊపి వచ్చిన. బుక్కు ఆయనది, కలం ఆయనది, తల ఊపుడు నాది.

ఆ ఏడు మన చుట్టుపక్కల శాన మంది రైతులు పానం తీసుకున్నరు. పేర్లెందుకు గని, నాతోని కలిసి ఎడ్లు కాసినోడు కూడ ఉండె అండ్ల. నేను మాట బందు బెట్టిన. తినేటోన్ని కాదు, పండేటోన్ని కాదు. మీ బాపమ్మ ఏమి అడుగలె. ఒకనాడు నేను ఊర్లకు పోయి వచ్చేసరికి ఇంట్ల మందు డబ్బ ఒక్కటి లేకుండ జేసింది. ఆ రాత్రి గిట్లనే వాకిట్ల మంట పెట్టి, నన్ను కూసోబెట్టి అడిగింది.

"ఏమయ్యా, మనకు ఎంత బాకీ ఉన్నది?"

"శాన" అన్న.

"శాన అంటే ఎంత?"

నా నోట్లె నుంచి ఏమొచ్చిందో ఎరుకేనా? "దుకాణపాయనకు ఎరుక" అన్న. అనంగనే మా నాయిన యాదికొచ్చిండు. పెయ్యంత సల్లబడ్డది. మూడు తరగతులు సదివి నేను సాధించింది ఇదా అనిపించింది.

మీ బాపమ్మకు సదువు రాదు. లోపలికి పోయి చింతగింజల ముంత తెచ్చింది. "వెయ్యికి ఒక గింజ. ఎవ్వలెవ్వలకు ఎంతనో కుప్పలు పెట్టు" అన్నది. పెట్టిన. మందుల దుకాణానికి 21. బోరుకు సావుకారి దగ్గర నోటు రాసిచ్చింది, 15. మీ మేనత్త పెండ్లికి తెచ్చింది, 12. ముల్కనూరు సంఘంల పంట అప్పు 6. మీ నాయినకు టైఫాయిడ్ జరమొస్తే బావమరిది ఇచ్చిన చేబదులు, 4.

"బోరుకు ఎనిమిదే అన్నవు గదా?" అన్నది. నేను నేల సూపులు సూసిన. ఏడు వేలు దాసిన ఆమెకు తెల్వకుండ. ఆ బోరు ఎందుకేసిన్నో కూడ చెప్పాలె మీకు. మా పాలోడు ఏసిండు, నీళ్లు పడ్డయి. పంచాయితీల నన్ను సూసి మీసం తిప్పిండు. నేను వాని కంటే లోతుకు ఏసిన. దుమ్మొచ్చింది.

నేను చెప్పినంక ఆమె జరసేపు ఊకున్నది. మల్ల ముంతల చెయ్యి పెట్టి మూడు గింజలు తీసి కుప్పల పక్కన పెట్టింది. ఏందివని అడిగితే, తన వెండి కడియాలు కుదువ పెట్టిందట. కడియాలు ఏవంటే తల్లిగారింట్ల ఉన్నయని నాతోని అన్నది అప్పుడు. పెండ్లిల వియ్యపురాలు ఏదో మాటన్నదని, మేము అనుకున్న దాని కంటే ఎక్కువ బంగారం పెట్టింది పిల్లకు, ఆ పైసలతోని. నాకు కోపమొచ్చింది, లేసిన. "కూసో, నీ ఏడుకు నా మూడు" అన్నది. ఏమంటవు? కూసున్న.

మొత్తం అరువై ఒకటి. మూడు రూపాయల మిత్తిది ముప్పై ఆరు వేలు, రెండు రూపాయలది పదిహేను వేలు. సంఘపు అప్పు పక్కన పెడితే నెలకు మిత్తే 1,380. ఆమె వేళ్ల మీద లెక్కబెట్టుకున్నది. ఆడోళ్ల కూలి ఇరువై రూపాయలు అప్పుడు. "నేను రెండేండ్లు ఒక్క నాగ లేకుండ కూలికి పోయినా ఒక్క ఏడాది మిత్తికి సాలది" అన్నది. ఆ మాట నాకు కర్రు లెక్క దిగింది. అసలును తిట్టుకుంట కూసున్న నేను. మిత్తిని ఎన్నడు గట్ల మనిషి రెక్కలతోని కొలువలె.

ఇంకొక పని జేయించింది నాతోని. మంటకు ఇవుతల ఒక గీత గీసి, "పురుగు తెచ్చింది ఆ దిక్కు పెట్టు, మనం తెచ్చుకున్నది ఈ దిక్కు పెట్టు" అన్నది. నేను దుకాణం కుప్పంత ఆ దిక్కు దొబ్బిన. ఆమె సూసుకుంట ఊకున్నది. నాకే మనసొప్పలె. సగం మందులు పురుగుకు భయపడి కొట్టినయి గాదు, పక్క చేనోడు కొట్టిండని కొట్టినయి. పది గింజలు ఇటు తెచ్చిన. బోరు ఇటు. పెండ్లి ఇటు. కడియాలు ఇటు. జరంది, సంఘంది ఆ దిక్కే ఉన్నయి. ఆఖరికి పురుగు దిక్కు ఇరువై ఒకటి, మా దిక్కు నలభై.

అంతదాంక నా కథల నేను ఏ పాపం ఎరుగనోన్ని, పురుగు దుర్మార్గురాలు. ఆ నలభై గింజలు సూసినంక ఏడుపొచ్చింది. వింతేందంటే, ఏడ్సినంక జర నిమ్మళమైంది. పురుగును నేనేం జేస్త? వానను ఏం జేస్త? ఈ నలభై తెచ్చినోడు నేనే గదా, వాన్నైతే పట్టుకోవచ్చు.

తెల్లారి మల్ల కొట్లాట. ముందుగాల ఎవ్వలది కట్టాలె? నేను బావమరిదిది అన్న. ఎదురుపడితే తల కొట్టేసినట్టయితది గదా. ఆమె ఒప్పుకోలె. "మా అన్న నాలుగు దినాలు ఆగుతడు. ఆయన పైసలకు మిత్తి లేదు. మూడు రూపాయల మిత్తి లద్దె పురుగు అసుంటిది, నువ్వు పండుకున్నంక తింటది. ముందు దాన్ని సంపు" అన్నది. నీ సిగ్గు కోసం మన కడుపు కోసుకోవాల్నా అన్నట్టు సూసింది. సొంత అన్నను పక్కకు పెట్టి చెప్పిన మాట, ఎట్ల కాదంట?

బోరు నోటు తీర్చెటందుకు అర్ధెకరం అమ్మినం. కొన్నదెవ్వలు? ఆ పాలోడే. ఊర్లె పైసలున్నది వానికే. పదిహేను వేలు. బోరుకు పోయింది పదిహేను, భూమికి వచ్చింది పదిహేను. వాని ముంగట వేలు ముద్ర గాదు, సంతకం బెట్టిన, మూడు తరగతుల సదువు అక్కరకొచ్చింది. ఇయ్యాల్టికి ఆ చెల్క దిక్కు నుంచి పోతే మెడ తిప్పుకుంట. అబద్ధమెందుకు?

తర్వాత ఇద్దరం కలిసి దుకాణానికి పోయినం. ఆమె ముందు నడిచింది. "మా లెక్క మాకున్నది, మీ బుక్కు సదివి ఇనిపించుండ్రి" అన్నది. రెండు తాన తేడ వచ్చింది, సరి జేయించినం. ఇగ మీదట ఉద్దెర తీసుకోం, మిత్తి మీద మిత్తి ఎయ్యకుండ్రి, పంటకు ఇంత అని కడ్తమని ఒప్పించినం. ఆయన కూడ రాక్షసుడేం గాదు. అడిగినోడు లేకుండె, రాసుకున్నడు.

వాడకట్టు ఆడోళ్ల పొదుపు సంఘంల నెలకు పది రూపాయలు కడ్తుండె మీ బాపమ్మ. అండ్ల ఐదు వేలు రూపాయి మిత్తికి తెచ్చి దుకాణంల కట్టినం. బాకీ తగ్గలె, గింజలు ఈ ముంతల నుంచి ఆ ముంతకు పోయినయి. కాని నెలకు నూరు రూపాయలు మిగిలినయి. గసోంటి నూర్లతోనే తీరింది, మనుమడా. ఒక్కసారి ఊడిపడ్డది ఏం లేదు.

మన ముల్కనూరు ముచ్చట ఎరుకే గదా. 1956ల కాశీ విశ్వనాథరెడ్డి 373 మందిని కూడగట్టి, 2,300 రూపాయల వాటాధనంతోని సహకార సంఘం పెట్టిండు. రైతు షావుకారి గడప తొక్కకుండ బతకాలని. ఆ సంఘం ఇంటి పక్కన పెట్టుకొని నేను మూడు రూపాయల మిత్తికి పోయిన, ఎందుకంటే సంఘంల అడిగితే ఎందుకని అడుగుతరు, సావుకారి అడుగడు. అడిగేటోడు మంచోడని ఆలస్యంగ తెలిసింది. 2000ల ఆడోళ్లే స్వకృషి పాల డెయిరీ మొదలు పెట్టిండ్రు. మీ బాపమ్మ బర్రెకు ఎనిమిది వేలు అప్పు తెస్త అన్నది. నేను మంట మీద కూసున్నట్టు ఎగిరిన. "బోరు నీళ్లియ్యలె, ఇది పొద్దుమాపు పాలిస్తది, సూసి తెద్దాం" అన్నది. దానికి వేరే ముంత పెట్టింది. ఏడాదిన్నరల ఆ ముంత ఒడిసింది.

రెండే కట్లు పెట్టుకున్నం. ఇద్దరం లేకుండ ఎక్కడ సంతకం పెట్టొద్దు. అమాస అమాసకు గింజలు లెక్కబెట్టాలె, కొట్లాడినా సరే లెక్కబెట్టినంకనే కొట్లాడాలె. 2002ల వాన ఎగబెట్టింది. ఆ ఏడు ఒక్క గింజ తియ్యలేకపోయినం. నేను కుమిలిపోతుంటే ఆమె ముంత నా ముంగట బోర్లించి, "ఎంచు" అన్నది. పదమూడు. నిరుడు ఎన్ని? పదమూడే. "కరువుల కూడ ఒక్క గింజ కలువలె, అది సూడు" అన్నది. ఆ మర్సటి ఏడు తీరినయి. కడియాలు ఇడిపించిననాడు ఆమె కాళ్లకు పట్టలె, ఎముకలు లావైనయట. మీ మేనత్తకిచ్చింది. 2008ల మల్ల మాఫీ వచ్చిననాడు అందరు బ్యాంకు కాడ వరుస కట్టిండ్రు. మేము పెసర్లు కొడుతున్నం.

ఆఖరి గింజలను ఏం జేసినవే అని అడుగకుండ్రి, గిట్లనే నిప్పులల్ల ఏంచి బుక్కినం. పండ్లు కదిలినయి. అంత గట్టిగుండె.

అగో, మీ బాపమ్మ వస్తాంది. చేతుల ఏందది? ఆమె ఊకెనే ముంత తెస్తదా? పిల్లా, నువ్వు మొగని దిక్కు గట్ల సూడకు, నీ చేతి సంచిల కూడ ఏదో కార్డు ఉన్నదని మీ అత్త అన్నది. నాకు తెల్వదు, నేనడుగ. మా కాలంల బుక్కు దుకాణంల ఉండె, మీది ఆ ఫోన్ల ఉన్నట్టుంది. ముందు అండ్లకెల్లి తీసి నేల మీద పొయ్యుండ్రి, కండ్లకు కనవడాలె. వెయ్యికి ఒకటంటే మీ బాకీకి ముంత సాలదేమో, లక్షకు ఒకటి పెట్టుకోండ్రి.

మేము పోయి పండుకుంటం. కట్టెలు మస్తున్నయి, తెల్లారేదాంక వస్తయి. గొంతు లేసినా పర్వాలేదు, నాకు చెవుడు.