పొగాకు డబ్బుతో మోగిన గిటార్లు

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం వేసవి సెలవుల్లో నేనూ మా రూమ్మేటూ వాడరేవు ఇసకలో కూర్చుని ఒక పాట రికార్డు చేశాం. వాడిది గిటారు, నాది గొంతూ లాప్‌టాపూ. హాస్టల్ హార్డ్ డిస్కుల్లో చేతులు మారుతూ వచ్చిన బీటిల్స్, డోర్స్, పింక్ ఫ్లాయిడ్ అప్పటికి మా బుర్ర నిండా ఉన్నాయి. పాట ఇంగ్లీషులో రాశాం. మైకులో సగం మేము, సగం గాలి. ఇంటికెళ్ళి అమ్మమ్మకి వినిపిస్తే చివరిదాకా ఓపిగ్గా విని, "ఏందిరా అది, తెలుగేనా?" అంది. కాదన్నాను. "మరి ఎవురికి పాడినట్టు?" అంది.

ఆ ప్రశ్నకి అప్పుడు నవ్వేశాను. ఉద్యోగంలో చేరాక 2013లో ఫాక్సిజెన్ అనే అమెరికన్ జోడీ ఆల్బమ్ ఒకటి విన్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్ళో కలిసి పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళు, శామ్ ఫ్రాన్స్, జొనాథన్ రాడో. రోలింగ్ స్టోన్స్, కింక్స్, వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లని మింగేసి, ఎవరి అనుమతీ అడక్కుండా వాళ్ళ అరవైల్ని మళ్ళీ తయారు చేసుకున్నారు. వింటుంటే అసూయ కలిగింది. ప్రతిభ సంగతి అటుంచండి. వాళ్ళు దొంగిలించింది వాళ్ళింట్లోదే. అటక మీద నాన్న దాచిన రికార్డులవి. మరి మేము ఎవరి అటక వెతకాలి? మనకి అరవైలు లేవా?

ఉన్నాయి. నేను వెతికిన దారిలో మొదట దొరికింది ఒక సిగరెట్ పెట్టె.

1970, 71 సంవత్సరాల్లో మన దేశంలో రెండు ఎల్పీ రికార్డులు వచ్చాయి: సిమ్లా బీట్ 70, సిమ్లా బీట్ 71. అఖిల భారత స్థాయిలో జరిగిన బీట్ గ్రూపుల పోటీల్లో నిలబడిన బృందాల పాటలవి. కన్‌ఫ్యూజన్స్, గ్రేట్ బేర్, డైనోసార్స్, వెల్వెట్ ఫాగ్, ఇలా ఉంటాయి పేర్లు. కొన్ని విదేశీ పాటల నకళ్ళు, కొన్ని సొంతంగా కట్టుకున్నవి. గరగరలాడే ఫజ్ గిటారు, గుడిగంటలా సాగే ఎకో, కొంచెం తడబడే ఇంగ్లీషు ఉచ్చారణ. విదేశీ సరుకు దిగుమతి మీద కట్టుబాట్లున్న రోజులు కాబట్టి మంచి గిటారు దొరకడమే గగనం. యాంప్లిఫయర్లు ఊళ్ళోనే చేయించుకునేవాళ్ళు. రేడియో సిలోన్‌లో విన్న పాటని చెవితో పట్టుకుని సాధన చేసేవాళ్ళు. చాలా ఏళ్ళకి యూరప్‌లో రికార్డులు సేకరించేవాళ్ళ కంటబడి ఈ ఎల్పీలు మళ్ళీ అచ్చయ్యాయి. భారతీయ సైకడెలిక్ రాక్ అనగానే ఇవాళ ప్రపంచంలో ఎవరైనా ముందు వాటి పేరే చెబుతారు.

ఇంతకీ సిమ్లా అంటే కొండల మీది ఊరు కాదు, సిగరెట్ బ్రాండు. పోటీలకి డబ్బు పెట్టింది 1910లో కలకత్తాలో పుట్టిన ఇంపీరియల్ టొబాకో కంపెనీ. సరిగ్గా 1970లోనే అది పేరు మార్చుకుని ఇండియా టొబాకో కంపెనీ అయింది. షిల్లాంగ్ నుంచి వచ్చిన ఫెంటోన్స్ బృందం ఏకంగా 'సిమ్లా బీట్ థీమ్' అని ఒక పాటే వాయించింది. సిగరెట్ పెట్టె మీద ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి చేసిన చట్టం 1975లో గానీ రాలేదు. పొగాకు కంపెనీలు ఇలాంటి కార్యక్రమాలు స్పాన్సర్ చేయకూడదన్న చట్టం రావడానికి 2003 దాకా పట్టింది. 1970లో కుర్రకారుకి రాక్ సంగీతం, సిగరెట్టు ఒకే ప్యాకింగులో అందాయి.

ఇక్కడిదాకా చదివాక నేను లాప్‌టాప్ మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే ఆ కంపెనీ మా చీరాలవాళ్ళకి కొత్తది కాదు.

1912లో ఆ కంపెనీ గొడుగు కిందే గుంటూరు జిల్లాలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. మా వైపు ఐఎల్‌టీడీ అంటే చాలు. చీరాల అప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక, దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, అందులోకి వెళ్ళింది. 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారాయి గానీ చీరాలలో ఆ కంపెనీ పేరు ఊళ్ళో పేటల పేర్లంత పాతది. పత్తి, మిరప పండే నల్లరేగడిలోకి వర్జీనియా పొగాకు దిగింది. సిగరెట్‌కి కావలసిన ఆకు ఈ మైదానంలో పండింది.

పండటం ఒక్కటే కాదు, వండటం కూడా ఇక్కడే. మా అమ్మమ్మ పెళ్ళికి ముందూ తర్వాతా ఇంకొల్లు వైపు రైతుల బ్యారన్ల దగ్గర కూలికి వెళ్ళేది. తెల్లారకముందే చేలో కొట్టిన ఆకుని కర్రలకి కట్టాలి. ఆ కర్రల్ని బ్యారన్ లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద పొయ్యి, పొయ్యి నుంచి లోపలికి ఇనప గొట్టాలు. ఆకుకి పొగ తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. మొదట సన్న సెగ మీద ఆకు పచ్చబారి పసుపు రంగుకి తిరగాలి. తర్వాత వేడి పెంచి ఆకు ఎండబెట్టాలి, చివర్న ఇంకా పెంచి ఈనె ఎండబెట్టాలి. అయిదారు రోజుల పని. రాత్రిళ్ళు ఎవరో ఒకరు మేలుకుని సెగ చూసుకోవాలి. ఆ తర్వాత మండె వేయడం, రంగుని బట్టి ఏరడం. ఏరేది ఆడవాళ్ళే. జిగురు పట్టిన చేతులు ఎన్నిసార్లు కడిగినా అన్నం చేదుగానే ఉండేదని చెప్పేది అమ్మమ్మ.

ఫలానా పాటకి ఫలానా చేలో ఆకు డబ్బు కట్టిందని నేననడం లేదు. సిగరెట్‌లో రకరకాల ఆకులు కలుపుతారు, కంపెనీ ఖజానాలో రకరకాల డబ్బు కలుస్తుంది. కానీ ఆ వేదిక మీద మోగిన గిటారు తీగ రెండో కొస ఎక్కడుందని అడిగితే, అందులో ఒక పోగు మా నల్లరేగడిలో ఉంది. మనవాళ్ళు ఆ సంగీతం వినలేదు, పాడలేదు. అయినా మోసింది మనవాళ్ళే.

మరి అదే కాలంలో తెలుగు కుర్రాళ్ళు ఏం చేస్తున్నారు? గిటారు వచ్చినవాళ్ళని మద్రాసు సినిమా రికార్డింగ్ థియేటర్లు పట్టుకున్నాయి. కోపం ఉన్నవాళ్ళు కవిత్వంలోకి పోయారు. 1965లో దిగంబర కవులు వచ్చారు. పేర్లు చూడండి: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు తీసేసి కొత్తవి తగిలించుకున్న ఆరుగురు. నాకైతే అది బ్యాండే. మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోది విజయవాడలో హోటల్ క్లీనర్ చేత.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రెండు పనులు కుదరవు. సిమ్లా బీట్ కుర్రాళ్ళని అమ్ముడుపోయారని తిట్టలేను. వాళ్ళకి స్టూడియో, రికార్డు, దేశమంతా వినే అవకాశం ఇచ్చినవాడు ఒక్కడే కనబడ్డాడు. ఆ ఒక్కడూ రాకపోతే ఆ పాటలు గాల్లో కలిసిపోయేవి, మా వాడరేవు పాటలాగే. అలాగని దిగంబర కవుల్ని మాత్రమే మన అరవైలని భుజాన వేసుకోలేను. కవిత్వాన్ని రిక్షా కార్మికుడి చేతిలో పెట్టారు, నిజమే. కానీ అందులో స్త్రీల గురించి వాడిన భాష ఇవాళ చదివితే ఇబ్బందిగా ఉంటుంది. ఆకు ఏరే ఆడమనిషి ఆ రెండు వేదికల మీదా వినే మనిషిగా లేదు.

అమ్మమ్మ అడిగింది అదే. ఎవురికి పాడినట్టు?

ఫాక్సిజెన్ జోడీకి స్పాన్సర్ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. లాప్‌టాపూ, హెడ్‌ఫోన్సూ చాలు. సిమ్లా బీట్ కుర్రాళ్ళకి లేని స్వేచ్ఛ అది. ఆ స్వేచ్ఛతో కాలిఫోర్నియా వాడి అటక వెతికితే మళ్ళీ వాడి పాటే వస్తుంది. మా అటక మీద ఎల్పీలు లేవు. పొగాకు వాసన పట్టిన పాత గోనె పట్టాలుండేవి.

మొన్న సంక్రాంతికి మా రూమ్మేట్ కూడా ఊరొచ్చాడు. ఇద్దరం వాడరేవు వెళ్ళాం. పాత ఫైలు ఇంకా ఉంది. గాలి హోరు తీసేద్దామని మొదలుపెట్టి, వద్దని వదిలేశాం. ఇంగ్లీషు మాటలు మాత్రం తీసేశాం. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. వినడానికి అమ్మమ్మ లేదు గానీ, రాసేటప్పుడు ఎదురుగా కూర్చునేది ఆమేనని మాత్రం తేల్చుకున్నాం.