బొడ్డు చుట్టూ సూదుల నుంచి వీధికుక్క టీకా దాకా

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు తప్పవన్న భయం తెలుగునాట ఇంకా పోలేదు. నిజానికి ఆ పద్ధతి ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న జాబితాలో రేబిస్ ఒకటి. ఆ జాబితాలో చాలా రోగాలకు టీకాయే లేదు. రేబిస్‌కు 1885 నుంచే ఉంది. అయినా ఏటా దాదాపు 59 వేల మందిని అది బలి తీసుకుంటోందని అంచనా. టీకా ఉన్న రోగం ఇంతకాలం ఎలా నిలిచిందో ఆ టీకా నడిచిన దారి చూస్తే తెలుస్తుంది.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ ముందుకు జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడు వచ్చాడు. పిచ్చికుక్క వాడిని ఒళ్లంతా కరిచింది. రేబిస్ సోకిన కుందేళ్ల వెన్నుపామును పొడిగాలిలో ఆరబెడితే రోజురోజుకూ దాని విషం తగ్గుతుందని పాశ్చర్ అప్పటికే కనిపెట్టారు. ముందు బాగా ఆరినదాన్ని, తర్వాత తర్వాత తాజాదాన్ని పిల్లవాడికి ఎక్కించారు. వాడు బతికాడు. కాటు పడ్డాక వేసే టీకా పనిచేయడానికి కారణముంది. వైరస్ నరాల వెంట మెల్లగా పాకి మెదడు చేరేందుకు సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆలోగా ఒంట్లో రక్షణ సిద్ధమైతే ప్రాణం దక్కుతుంది.

ఈ టీకా కోసం మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో కసౌలిలో, దక్షిణాదికి 1907లో కూనూరులో వెలిశాయి. 1911లో కసౌలిలోనే డేవిడ్ సెంపుల్ కొత్త పద్ధతి తెచ్చారు. గొర్రె మెదడులోకి వైరస్ ఎక్కించి, రోగం ముదిరాక ఆ మెదడు తీసి నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపేవారు. తయారీ తేలిక, ఖర్చు తక్కువ. పొట్ట మీద రోజుకొకటి చొప్పున పొడిచిన సూదులు ఇవే. చిక్కేమిటంటే, ఆ మందుతో పాటు గొర్రె నాడీకణజాలమూ ఒంట్లోకి పోయేది. దాని మీద పోరాడబోయి శరీరం తన నరాల మీదే తిరగబడేది. అలా కొందరికి పక్షవాతం వచ్చేది, ప్రాణాలూ పోయేవి.

మెదడు అక్కర్లేకుండా, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారయ్యే టీకా 1970ల నాటికే వచ్చింది. ఇరాన్‌లో పిచ్చి తోడేళ్లు, కుక్కలు తీవ్రంగా కరిచిన 45 మందికి దాన్ని వేస్తే అందరూ బతికారు. కానీ ధర పేదదేశాలకు అందేది కాదు. అందుకే గొర్రె మెదడు మందు మన దగ్గర 2004 దాకా సాగింది. హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి అభయ్‌రాబ్ వంటి దేశీయ కణ టీకాలు రావడంతో దాన్ని వదిలించుకోవడం సాధ్యమైంది. 2006లో చర్మంలోకి వేసే పద్ధతికి అనుమతి దొరికింది. కండలోకి పూర్తి వయల్ ఎక్కించే బదులు 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చేతులకూ వేస్తారు. సూది పడినచోట చిన్న బొబ్బలా ఉబ్బుతుంది. ఒక వయల్ పలువురికి సరిపోతుంది.

ఇదంతా కాటు పడ్డాక మనిషిని కాపాడే కథ. కుక్కల్లో వైరస్ తిరుగుతున్నంతకాలం కాట్లూ తప్పవు, ఆసుపత్రి పరుగులూ తప్పవు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుంది. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వైరస్ గొలుసు తెగుతుంది. దశాబ్దాల పాటు ఏటా కుక్కలకు ఉచితంగా టీకాలు వేసిన మెక్సికో, కుక్కల ద్వారా వచ్చే మానవ రేబిస్‌ను నిర్మూలించిన తొలి దేశంగా 2019లో గుర్తింపు పొందింది. గోవా కూడా ఇదే బాట పట్టింది. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించేనాటికి అక్కడ మూడేళ్లుగా మనుషుల్లో ఒక్క కేసూ లేదు.

అదే ఏడాది కేంద్రం 2030 నాటికి కుక్కల రేబిస్‌ను నిర్మూలించే జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఐసీఎంఆర్ తాజా అధ్యయనం ప్రకారం దేశంలో ఏటా 5,726 మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం, టీకా వేయించుకోవడం, రక్తం వచ్చిన గాయాలకు సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు ఇమ్యునోగ్లోబులిన్ ఇప్పించడం ఎప్పుడూ తప్పనిసరే. కానీ నిర్మూలన మాత్రం ఏటా పుట్టుకొచ్చే కుక్కపిల్లల్ని వదలకుండా వీధివీధికీ తిరిగే పశువైద్య సిబ్బంది చేతుల్లో ఉంది. ఆరోగ్యశాఖ బడ్జెట్ ఎంత పెరిగినా, మున్సిపాలిటీలు, పంచాయతీలు కుక్కల టీకాకు ఏటా డబ్బు కేటాయించకపోతే ఈ మరణాల లెక్క సున్నాకు దిగదు.